వెనకసీటు కబుర్లు

ఆ వీధిలో అందరూ ఆయన్ని ఊపుల మేస్త్రీ అంటారు. మోటారు సైకిళ్ల వెనక షాకబ్జర్లు సరిచేయడంలో చెయ్యి తిరిగినవాడు. కానీ మహా చాదస్తం. స్క్రూ తిప్పి ఊరుకోడు. బండి సొంతదారు చేత తోలించి, తను వెనకసీటెక్కి, గతుకుల్లో ఒక చుట్టు తిరిగొస్తేగాని ఆయనకు తృప్తి ఉండదు.

"ముందువాడికి హ్యాండిలుంది. వెనకవాడికి ఏముందయ్యా, దేవుడు తప్ప?" అంటాడు.

అంతటి మేస్త్రీ భార్య బస్సెక్కడం మొదలుపెట్టింది!

ప్రతి ఆదివారం ఇద్దరూ బండి మీద ఆవిడ అక్కగారింటికి వెళ్లడం పెళ్లయినప్పటి అలవాటు. కొత్త బండి కొన్నాక ఆవిడ దారంతా నోరెత్తకుండా కూర్చునేది. బండి అంత సుఖంగా ఉంది కాబోలని ఈయన మురిసిపోయాడు. తీరా ఒక ఆదివారం, "మీరు బండి మీద రండి, నేను బస్సులో వస్తా" అనేసింది. ఖాళీ సీటుతో వెళ్తుంటే ఆయనకు దారంతా దిగులే.

"బండికేం రోగం? నేనే కదా సెట్ చేసింది!"

"పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అన్నారా? నోరు తెరిస్తే నాలుక తెగేట్టుంటే, పళ్లు బిగబట్టుకు కూర్చున్నా ఇన్నాళ్లూ!"

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఊరందరి వెనకా కూర్చున్నాడు గానీ, సొంత బండి వెనక ఒక్కసారైనా కూర్చోలేదు. తనొక్కడి బరువుకే సెట్ చేసుకుని తిరుగుతున్నాడు.

"అమ్మాయీ, బండి తియ్యి" అని కూతుర్ని పిలిచి, భార్య కూర్చున్నట్టే ఒక పక్కకి కూర్చున్నాడు. స్పీడ్ బ్రేకర్ మీద బండి మెత్తగానే కుంగింది. లేచేటప్పుడు మాత్రం ఆయన్ని అమాంతం ఎగరేసింది.

"అమ్మో!"

"నాన్నా, అరవకు! అందరూ చూస్తున్నారు."

ఇంటికొచ్చి, నడుం పట్టుకుని నవ్వుతూనే షాకబ్జర్ కింది స్క్రూ బిగించాడు. అది బిగిస్తే కుంగిన స్ప్రింగు నెమ్మదిగా లేస్తుంది. మళ్లీ కూతురు తోలింది. ఈసారి మరీ బిర్రుగా ఉంది. కాస్త వదులు చేశాడు. మూడో చుట్టుకి సీటు కుదురుగా లేచి ఆగింది.

ఆదివారం బతిమాలితే ఆవిడ ఎక్కింది, అపనమ్మకంగానే. మొదటి బ్రేకర్ దగ్గర మేస్త్రీ ఊపిరి బిగబట్టాడు. వెనకనుంచి ఆవిడ, అక్క కొన్న బీరువా సంగతి మొదలుపెట్టింది. బండి కుంగింది, లేచింది. బీరువా తలుపు సరిగ్గా పడటంలేదట. ఇంకో బ్రేకర్ వచ్చింది. తాళంచెవి కూడా పోయిందట. మాట ఎక్కడా తెగలేదు. ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

"ఏమండీ, అక్కావాళ్ల మలుపు దాటేశారు!"

"తెలుసులే. తాళంచెవి దొరికిందా, లేదా?"