విరగని కాలికి కట్టు

కాలికి కట్టుతో మంచం మీద ఉన్న నెలన్నరలో నన్ను చూడటానికి ఎంతమంది వచ్చారో గుర్తు లేదు గానీ, వాళ్ళలో "పుత్తూరుకు పోలేదా?" అని అడగనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఎదురింటివాళ్ళ మూడేళ్ళ మనవరాలు. రెండో ఆమె మా స్కూలు హెడ్మిస్ట్రెస్. ఆమెకు నా కాలి మీద కన్నా నా సెలవు మీద ధ్యాస ఎక్కువ.

మా చిత్తూరు వైపు ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది ఆస్పత్రి కాదు, పుత్తూరు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టు కడతారు. తమిళనాడు నుంచి కూడా వ్యాన్లు మాట్లాడుకుని వస్తారు. అలాంటిది, పుత్తూరుకు అరగంట దూరంలో పుట్టి పెరిగినదాన్ని తిరుపతికి పోయి కాలు కోయించుకుని, లోపల ఒక ప్లేటు, ఆరు స్క్రూలు వేయించుకుని వచ్చానంటే జనానికి మింగుడు పడలేదు.

నగరిలో మరమగ్గాలు నడిపే మా నాయనకు అసలే మింగుడు పడలేదు. నేను పడిన రోజే ఫోన్ చేసి "ఆపరేషన్‌కు సంతకం పెట్టొద్దు పాపా, నేను కారు మాట్లాడుకోని వస్తాండా" అన్నాడు. నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే టీచర్ని. "నాయనా, ఎముకల పాఠం చెప్పేది నేను, నాకు నువ్వు చెప్పొద్దు" అన్నాను. స్ట్రెచర్ మీద పడుకుని కూడా నా నోరు ఊరుకోలేదు. ఆయన ఫోన్ పెట్టేశాడు.

నేను పడింది పరిగెత్తుతూ. ఆ పరుగు గురించి కాస్త చెప్పాలి. ముప్పై ఏడో ఏట థైరాయిడ్ వచ్చింది, రోజూ నడవమన్నారు. నడక నాకు విసుగు. ఒక రోజు గ్రౌండులో ఎవరూ చూడటం లేదని ఒక చుట్టు పరిగెత్తాను. మర్నాడు రెండు చుట్లు. ఆరేళ్ళకు పది కిలోమీటర్లు గంటా మూడు నిమిషాల్లో పరిగెత్తే దాకా వచ్చాను. ఇదేమీ గొప్ప కాదని నాకూ తెలుసు. పతకాలు లేవు, పేపర్లో ఫొటో లేదు. కానీ ఇద్దరు పిల్లల తల్లి చున్నీ నడుముకు బిగించి తెల్లవారుజామునే రోడ్డు మీద పరిగెత్తడం చిత్తూరులో మా వీధికి అలవాటు కావడానికి మూడేళ్ళు పట్టింది. మొదట్లో నవ్వారు. తర్వాత మా ఆయనకు చెప్పారు. ఆయన "ఆమె ఇష్టం" అనేసరికి ఇంకెవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నారు. చివరికి పాలబూత్ ఆమే "ఏం మేడమ్, నిన్న పరుగుకు రాలా?" అని నిలదీసే దాకా వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకు ఆ మాట రెండుసార్లు చెప్పాను.

ఆదివారాలు కాణిపాకం రోడ్డు పట్టుకునేదాన్ని. ఆ ఆదివారం వెనకనుంచి భక్తుల వ్యాను హారన్ కొడుతూ వస్తే పక్కకు తప్పుకున్నాను. తారు రోడ్డు అంచు జానెడు లోతున తెగిపోయి ఉంది. చీలమండ రెండు చోట్ల విరిగింది. వ్యానులో వాళ్ళే దిగి నీళ్ళు తాగించి ఆటో ఎక్కించారు. అందులో ఒక ముసలామె "వినాయకుడే కాపాడినాడమ్మా, తల పగలాల్సింది, కాలితో పోయింది" అంది. ఆమె మంచికే అంది, అయినా నాకు ఒళ్ళు మండింది.

మంచం మీద నన్ను కాల్చుకుతిన్నది నొప్పి కాదు. ఒకసారి ఆగిపోయినదాన్ని, మళ్ళీ రోడ్డెక్కాలంటే ఆ మూడేళ్ళూ మళ్ళీ మొదటినుంచి పడాలి కదా అన్న బెంగ. అందుకే మనసులో ఒకటే పెట్టుకున్నాను. పది వద్దు, గంటా మూడు నిమిషాలూ వద్దు. ఆగకుండా ఐదు కిలోమీటర్లు. అది చేయగలిగితే నేను మళ్ళీ నేనైనట్టే.

కట్టు విప్పాక చూస్తే పిక్క కరిగిపోయి ఉంది. ఆ కాలికి సాక్సు వేస్తే జారిపోయేది. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి గాల్లో బొటనవేలితో ఏబీసీడీలు రాయమన్నాడు. వాటిలో గీతలెక్కువ, వంపులు తక్కువ అని నేను తెలుగు అక్షరాలు పట్టుకున్నాను. 'అ' పూర్తిగా తిరగడానికి పదకొండు రోజులు పట్టింది. ఐదో నెలకు కర్ర వదిలేశాను. ఎనిమిదో నెలలో డాక్టరు మెల్లగా పరిగెత్తి చూడమన్నాడు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. గ్రౌండులో నేను పరుగు అనుకుంటున్నదాన్ని రిటైరైన పెద్దమనుషులు మాట్లాడుకుంటూ నడిచి దాటిపోయేవాళ్ళు.

అలా పెంచుకుంటూ పోయి ఒక ఉదయం ఆగకుండా కిలోమీటరున్నర పరిగెత్తాను. ఇంటికొచ్చి అందరికీ నేనే ఉప్మా చేశాను, పాట కూడా పాడానట. మర్నాటికి చీలమండ వాచి చెప్పు పట్టలేదు. రెండు వారాలు కూర్చుని మళ్ళీ ఒక నిమిషం దగ్గర మొదలుపెట్టాను. నాలుగుసార్లు ఇదే వరస. నాలుగుసార్లూ ఆ కిలోమీటరున్నర దగ్గరే, లోపల తుప్పు పట్టిన గొళ్ళెం పడినట్టు కాలు బిగుసుకుపోయేది. డాక్టరు మాత్రం ఎక్స్‌రే లైటుకు ఎత్తిపట్టి "ఎంత బాగా అతుక్కుందో చూడండి, మెడికల్ కాలేజీలో పాఠం చెప్పొచ్చు" అని మురిసిపోయేవాడు. నా కాలు ఆ ఫొటోలో చాలా బాగుండేది.

మా ఆయన "నడక చాలదా? ఎందుకు ఇంత హైరానా?" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. దెబ్బలాడే మనిషైతే నేనూ దెబ్బలాడేదాన్ని. ఒక రోజు పాలబూత్ ఆమె ప్యాకెట్లు చేతికిస్తూ "ఇబ్బుడే బాగుండావు మేడమ్. నెమ్మదిగా నడస్తా ఉంటే సూడను కూడా బాగుండాది" అంది. నేను నవ్వి వచ్చేశాను. ఇంట్లో స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

పద్నాలుగో నెలలో నాయన ఏదో పని మీద మా ఇంటికి వచ్చాడు. నేను మేడ మెట్లు పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో దిగడం చూశాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత "ఇబ్బుడన్నా పోదామా?" అన్నాడు. నేను ఎముకల పాఠం ఎత్తలేదు. చెప్పులు వేసుకున్నాను.

పుత్తూరు దగ్గర పల్లెలో కట్టు కట్టే పెద్దాయన నా మచ్చ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "లోపల ఇనుము ఉండాది గదమ్మా. ఇనుము ఉన్న కాలు మేం ముట్టం. ముందే ఈడికి రావాల్సింది" అన్నాడు. అదే మాట అప్పటికి వందమంది అన్నారు, వందమంది మీదా కోపం వచ్చింది. ఆయన అన్నప్పుడు మాత్రం నాకు ఆశ పుట్టింది. ఇనుము ఉంది కాబట్టి ముట్టనన్నాడు. అంటే ఇనుము లేకపోతే ముడతాడు. తిరిగొస్తూ దారిపొడుగునా ఇదే లెక్క వేసుకున్నాను.

ఇక్కడ నేను చేసిన పని ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. తిరుపతి డాక్టరు దగ్గరికి పోయి, చలికి ప్లేటు దగ్గర సలుపుతోంది, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు అని చెప్పాను. సలపడం లేదు. నాకు నిద్రా బాగానే పడుతుంది. బాధ ఉంటే తీసేయొచ్చు, కానీ తీసినంత మాత్రాన పరుగు రాదని ఆయన స్పష్టంగా చెప్పాడు. నేను బుద్ధిగా తల ఊపాను. ఎనిమిదో తరగతి పిల్లలకు శాస్త్రీయ దృక్పథం గురించి బోర్డు మీద రాసే మనిషిని, ఆకు పసరు కోసం రెండోసారి మత్తు సూది వేయించుకుని కాలు కోయించుకున్నాను.

తీసిన ప్లేటు, స్క్రూలు చిన్న డబ్బాలో వేసి ఇచ్చారు. నాయన ప్లేటును వేళ్ళ మధ్య తిప్పి చూసి "ఇంతేనా? మా మగ్గానికి దీనికన్నా గట్టిది ఏస్తామే" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. గాయం ఆరేదాకా రెండు నెలలు ఆగాం. ఆ రెండు నెలలూ నేను పెద్దగా వ్యాయామాలు కూడా చేయలేదు. ఎలాగూ పుత్తూరు ఉంది కదా అన్న ధీమా.

ఈసారి పెద్దాయన కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలితో మచ్చ పొడుగునా నొక్కాడు. పాదం పైకీ కిందికీ తిప్పాడు. లేచి నిలబడమన్నాడు, గొంతుక్కూర్చోమన్నాడు. మడమ నేలకు ఆనలేదు. మళ్ళీ కాలు పట్టుకుని చాలాసేపు తడిమాడు.

"విరిగింది యాడమ్మా?" అన్నాడు.

చూపించాను.

"ఆడ అతుక్కోనుండాది. నేను కట్టినా ఇంతకన్నా బాగా అతుక్కోదు. కట్టేది విరిగినదానికి గదా. ఇది విరగలా."

"మరి పరిగెత్తలేకపోతున్నానే?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"దానికి నా కాడ కట్టు లేదు తల్లీ."

నాయన ముందుకు జరిగి "ఉత్త గుడ్డన్నా సుట్టు సామీ, బిడ్డ అంత దూరం నుంచి వచ్చింది" అన్నాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "సుడితే ఇంకా బిగుసుకపోతాది అయ్యా. ఈ కాలికి ఇంక కట్టే వద్దు. ఎంత మాత్రం నడస్తాదో అంత మాత్రం నడిపించుకో తల్లీ" అని, పక్కన చెయ్యి విరిగి మూలుగుతున్న ఒకతన్ని రమ్మన్నాడు. అతని మోచేతికి వెదురు బద్దలు పెడుతుంటే నేను నిలబడి చూశాను. అతని మీద నాకు ఎంత కుళ్ళు పుట్టిందంటే, నాకే అసహ్యం వేసింది. అతనికి విరిగింది. అతనికి చేయడానికి ఏదో ఉంది.

ఆటోలో పుత్తూరు బస్టాండుకు వచ్చాం. నాయన రెండు రోజులు నా దగ్గరే ఉంటానని నాతోపాటు చిత్తూరుకు బయలుదేరాడు. నన్ను ఒంటరిగా పంపడానికి భయపడ్డాడనుకుంటాను. మేం బస్టాండులోకి అడుగు పెట్టేసరికి చిత్తూరు బస్సు కదిలింది. తర్వాతది గంటన్నరకు గానీ లేదు.

నాయన నా చేతిలో సంచి లాక్కుని పరిగెత్తాడు.

ఆయనకు డెబ్బై రెండేళ్ళు. ఏనాడూ పరుగు కోసం పరిగెత్తినవాడు కాదు. ఒక చేత్తో పంచె పైకి పట్టుకుని, రెండో చేత్తో సంచి ఊపుతూ, "ఓ కండక్టరప్పా, ఆపు, ఆపు!" అని అరుస్తూ పోయాడు. మడమలు నేలకు తాకి లేస్తున్నాయి. చీలమండలు ఎంత తేలిగ్గా వంగుతున్నాయో నాకు వెనకనుంచి కనిపిస్తూనే ఉంది. నేనూ పరిగెత్తబోయాను. నాలుగు అడుగులు పడ్డాయి. ఐదోదానికి కాలు బిగిసింది. మళ్ళీ నడకే.

బస్సు ఆగింది. నాయన ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, బస్సు తన బలంతోనే ఆగినట్టు. కిటికీల్లోంచి అందరూ కుంటుకుంటూ వస్తున్న నన్నే చూస్తున్నారు. కండక్టరు "బిరబిరా రామ్మా" అని విజిలేశాడు.

"అది బిరబిరా రాలేదప్పా, కాలు బాగలేదు" అన్నాడు నాయన, రొప్పుతూ. నా కాలు గురించి ఆయన అలా అనడం అదే మొదటిసారి. తర్వాత నా వైపు తిరిగి "మెల్లిగానే రా పాపా, నేను పట్టుకోనుండా" అన్నాడు.

నాకు ఆయన మీద జాలి కలగలేదు. అంత వయసులో నా కోసం పరిగెత్తాడే అన్న బాధా కలగలేదు. ఆ రెండూ తర్వాత, ఇంటికి చేరాక వచ్చాయి. ఆ నిమిషంలో, మా నాయన కాళ్ళను చూసి నేను ఏడ్చేంతగా అసూయపడ్డాను.