మోర్ఫు తోటకు నీళ్ళు పెట్టిన హైమావతి

హైమావతి నోటి పదును నేను మొదటిసారి చూసింది కెనడాలోని కిచెనర్‌లో కేశవరావుగారి గృహప్రవేశం నాడు. 2023 ఎండాకాలం. అప్పటికి ఊరి నిండా మన పిల్లలే. బస్సెక్కితే తెలుగు, కాఫీ కొట్టు కౌంటరు వెనక తెలుగు, ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిదేసి మంది. భోజనాల బల్ల దగ్గర వీరభద్రరావు అనే పెద్దమనిషి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, విజయనగరంలో ఉన్న ఒక తల్లికి సలహా ఇస్తున్నాడు. ఆమె చిన్నకొడుక్కి కెనడా వీసా రాలేదు. సైప్రస్ పంపించమనీ, అదీ యూరప్పేననీ, అక్కణ్ణించి ఇక్కడికి రావడం సులువనీ చెబుతున్నాడు. సలహా ఆమెకే అయినా వినవలసింది మేమందరం.

పులిహోర వడ్డిస్తున్న హైమావతి గరిటె పక్కన పెట్టింది.

"ఏ ఎయిర్‌పోర్టులో దిగుతాడండీ ఆ అబ్బాయి?"

"సైప్రస్ ఎయిర్‌పోర్టులో."

"ఉత్తరం వైపుదా, దక్షిణం వైపుదా?"

ఆయన నవ్వాడు. అంత చిన్న ద్వీపానికి మళ్ళీ దిక్కులొకటా అన్నాడు. హైమావతి ఒక అరిటాకు తీసి బల్లమీద పరిచింది. ఆకంతా ద్వీపమంది. మధ్యలో ఈనె మీద వేలు పెట్టి, డెబ్భై నాలుగులో యుద్ధమొచ్చి ఇక్కడ రెండు ముక్కలైందని చెప్పింది. ఈనెకి కింద గ్రీకు మాట్లాడేవాళ్ళు, పైన టర్కీ భాష మాట్లాడేవాళ్ళు. పైభాగాన్ని దేశమని ఒప్పుకునేది టర్కీ ఒక్కటే. మధ్యన ఐక్యరాజ్యసమితి సైనికుల కాపలా. యూరప్ కాగితాలు చెల్లేది కింద మాత్రమే. పైన దిగిన పిల్లవాడు ఈనె దాటి కిందికి వస్తే దొంగదారిన వచ్చినట్టే లెక్క.

"పనిమనిషి చేత జాగ్రఫీ చెప్పించుకునే రోజులొచ్చాయి" అన్నాడు వీరభద్రరావు.

"పనిమనిషినేనండి. ఆ గీత దాటి వెళ్ళి నా కొడుకుని చూసుకొచ్చిన పనిమనిషిని. తమరు ఎన్నిసార్లు దాటారు?"

ఫోన్లో ఆ తల్లి, నేను పంపనండీ అని పెట్టేసింది. వీరభద్రరావు పెరుగన్నం దాకా ఉండలేదు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా చూసి చెప్పేవాళ్ళకీ విని చెప్పేవాళ్ళకీ తేడా నాకు తెలుస్తుంది. ఆ రోజే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అడిగాను.

ఆమెది నరసాపురం దగ్గర పల్లె. భర్త రొయ్యల చెరువు మీద కరెంటు కొట్టి పోయాడు. పదకొండేళ్ళ కొడుకు మహీధర్‌ని తల్లికి అప్పజెప్పి, 2010లో సైప్రస్ రాజధాని నికోసియాకి ఇంటిపనికి వెళ్ళింది. దక్షిణం వైపు, ఆండ్రూలా అనే గ్రీకు పెద్దావిడ ఇంట్లో. కొడుకు ఇంటర్ కాగానే దగ్గరుంటాడని అక్కడే చదువుకి రప్పించుకుంది. ఏజెంటు కాగితం మీద సైప్రస్ అనే ఉంది. ఆమె కూడా దిక్కు అడగలేదు. పిల్లవాడు దిగింది ఉత్తరాన, మోర్ఫు అనే ఊళ్ళో. ఒకే ద్వీపం మీద, బస్సులో గంటన్నర దూరంలో తల్లీ కొడుకూ. వాడు ఇటు రాకూడదు. ఈమెకు దక్షిణం కాగితాలు ఉన్నాయి గనక గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించి, సెలవున్న ఆదివారాలు తనే వెళ్ళేది.

మోర్ఫు పేరు వినగానే ఆండ్రూలా మళ్ళీ చెప్పమందట. అది ఆవిడ సొంత ఊరు. యుద్ధం నాడు ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. నారింజ తోటకి కాలవ మడవ తిప్పి నీళ్ళు వదిలిన పొద్దునే ఊరు ఖాళీ చేయమన్నారు. ఆ నీళ్ళు ఆపకుండా, మడవ కట్టకుండానే దక్షిణానికి లారీ ఎక్కింది. చాలా ఏళ్ళకి ఆ గీత మీద గేట్లు తెరిచాక కూడా వెళ్ళలేదు. నా ఇంటికి నేను పాస్‌పోర్టు చూపించాలా అని పంతం. కానీ ఆ మడవ బెంగ మాత్రం వదల్లేదు. తోట కుళ్ళిపోయిందో, ఎండిపోయిందో. హైమావతికి గుర్తులన్నీ చెప్పి, చూసి రమ్మంది.

చర్చి ఉంది, బావి ఉంది, తోట లేదు. ఆ జాగాలో నాలుగంతస్తుల స్టూడెంట్ హాస్టల్ లేచింది. బాల్కనీల్లో లుంగీలు ఆరేసి ఉన్నాయి. పై నుంచి ఒక కరీంనగర్ పిల్లాడు వంగి, "అక్కా, ఎవరి కోసం?" అని అడిగాడట. హాస్టల్ యజమాని కూడా దక్షిణాన ద్రాక్షతోట వదిలేసి పారిపోయి వచ్చిన ముసలాయనే. ఈమె అటు నుంచి వచ్చిందని తెలిసి, తన ఊరి పేరు చెప్పి, అటు ఎప్పుడైనా వెళ్ళావా అని అడిగాడు.

హైమావతి బజారులో నారింజలు కొనుక్కుని తిరిగొచ్చింది. మీ చెట్లవే అంది. ఎవరో పెద్దాయన చూసుకుంటున్నాడనీ, మడవ ఆనాడే కట్టారనీ చెప్పింది. ఆ రాత్రి ఆవిడ కంటినిండా నిద్రపోయింది. ఇక ప్రతిసారీ ఒక సంచీ నారింజలు. కరోనాకి గేట్లు మూసేసి, ఏడాది పైన కొడుకు మొహం చూడలేని రోజుల్లో కూడా, ఇటువైపు కొట్లోనే కొని తోటవే అని పెట్టింది.

2022లో ఆండ్రూలా కూతురు తల్లిని కిచెనర్ తెచ్చుకుంటూ హైమావతిని కూడా రప్పించింది. మహీధర్ ఆ ఏడే స్టూడెంట్‌గా మాంట్రియల్ చేరాడు. ఇక్కడికొచ్చాక ఆండ్రూలాకి మతి తప్పడం మొదలైంది. అన్నీ మరిచింది, తోట మరవలేదు. రోజూ మధ్యాహ్నం మూడింటికి కిటికీ దగ్గర కూర్చుని నీళ్ళు పెట్టారా అని అడిగేది. కూతురు ఆఫీసు చదువుల మనిషి. నిజం తెలుసుకునే హక్కు అమ్మకుందని కంప్యూటర్‌లో మ్యాపు తెరిచి హాస్టల్ చూపించింది. రెండు రోజులు ఆవిడ మెతుకు ముట్టలేదు. మూడోరోజు, నీళ్ళు పెట్టారా అని మళ్ళీ అడిగింది.

నేను ఎవరికైనా ఉన్నమాట మొహమ్మీదే చెప్పే మనిషిని. హైమావతికీ చెప్పాను, ఏళ్ళ తరబడి ముసలిదాన్ని మోసం చేస్తున్నావని. ఆమెకు కోపం రాలేదు.

"నిజం చెప్తే ఆవిడకి గుర్తుండదు పిన్నిగారూ. ఏడుపు ఉండిపోతాది" అంది.

అప్పటి నుంచి ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆండ్రూలా నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. వాళ్ళ భాషలో నీళ్ళని నెరో అంటారు. ఆ ముక్కతో మొదలై నాలుగు మాటలు నాకూ వచ్చాయి.

పోయిన నవంబరులో హైమావతి గుండెకి ఆపరేషన్ అన్నారు. రెండు నెలలు మంచం దిగకూడదు. ఆ తరవాత పని చేయగలదో లేదో డాక్టర్లు చెప్పలేదు. ఆమె స్థానంలో ఏజెన్సీ అమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయికి కూతురు ముందే చెప్పి ఉంచింది, అమ్మ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమని.

ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు హైమావతి మా ఇంటికొచ్చింది. టీ ఇస్తే ముట్టలేదు.

"రోజూ మూడింటికి వెళ్ళండి పిన్నిగారూ. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపు మీరే చెప్పాలి. నారింజ వొలిచి చేతిలో పెట్టండి, ముందు వాసన చూస్తాది. అబద్ధం మీ నోట రాదని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. నీళ్ళు పెట్టారని చెప్పండి. సాయంత్రం పెట్టారనండి. పొద్దున్న అంటే ఎండకి ఆరిపోయుంటాయని మళ్ళీ బెంగెట్టుకుంటాది."