ఏడో రోజే గట్టిపడ్డ బ్లాకులు

2022 వేసవి. నారాయణగూడలో ఓ గది ఆఫీసు, ఊరి చివర పేవర్ బ్లాకులు, అంటే ఇళ్ల ముందు పరిచే కాంక్రీటు బిళ్లలు, పోసే యార్డు. అదే అప్పటి నా సామ్రాజ్యం. కాంక్రీటు వల్ల గాలిలో చేరే కార్బన్‌లో ఎక్కువ భాగం సిమెంటు తయారీదే. అందుకే నేను సిమెంటు సగానికి తగ్గించి, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగ్ పొడి కలిపేవాణ్ని. కంకర బదులు కూల్చిన ఇళ్ల కాంక్రీటును నలగ్గొట్టి వాడేవాణ్ని. నా మిక్స్ డిజైన్, అంటే ఏది ఎంత కలపాలన్న లెక్క, తప్పదని నాకు మహా ధీమా. కానీ నమ్మి ఆర్డరిచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

మొదట నమ్మింది వరలక్ష్మి గారు. గుంటూరు వైపు కుటుంబం, చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. అశోక్ నగర్‌లో పాత ఇల్లు కూల్చి, పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలకు హాస్టల్ కట్టించారు. ఆ ఇంటి శిథిలాలతోనే ముందు ఆవరణ పరవాలని ఆవిడ పట్టుదల.

“వచ్చే నెలాఖరుకి పిల్లలు దిగుతారండీ. కుదరదంటే ఇప్పుడే చెప్పండి, బయట మామూలువి కొనుక్కుంటాను” అన్నారు.

“కుదురుతుందండీ” అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

బ్లాకులు పోసింది మా మేస్త్రీ యాదగిరి. ఏడో రోజు కొన్నింటిని లాబ్‌కు పట్టుకెళ్లాను. అక్కడ మెషిన్ కింద పెట్టి, పగిలేదాకా నొక్కి బలం చూస్తారు. స్లాగ్ కలిపిన కాంక్రీటు నిదానంగా గట్టిపడుతుంది. ఏడో రోజుకి నీరసంగా ఉండి, ఇరవై ఎనిమిదో రోజుకి పుంజుకుంటుంది. మావి మాత్రం ఏడో రోజే మామూలు సిమెంటు బ్లాకులంత బలం చూపించాయి. లాబ్ వాళ్లు శభాష్ అన్నారు. నాకు మాత్రం ఎక్కడో లెక్క తప్పిందని అర్థమైంది.

తిన్నగా యార్డుకు వెళ్లి యాదగిరిని అడిగాను. అతను దాచలేదు.

“మిక్సర్ల ఏసినప్పుడల్లా జర సిమెంటు ఎక్కువేసిన సార్. గింత తక్కువైతే ఎట్ల నిలుస్తది? రేపు బ్లాకులు పలిగితే మీ పేరు ఖరాబయితది గద.”

“నన్నడగొచ్చు కదా!”

“అడిగితే వద్దంటరు గదా సార్!”

కోపం ముంచుకొచ్చింది. కానీ నా పరువు కోసం చేసిన మనిషిని ఏమని తిట్టను? వరలక్ష్మి గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

“గట్టిగానే ఉన్నాయిగా, వేసేయండి” అన్నారు ఆవిడ.

“గట్టివేనండీ. కానీ సిమెంటు తగ్గిస్తానని మీకు మాటిచ్చాను. ఇవి అవి కావు. మిగిలిన శిథిలాలు నలగ్గొట్టి మళ్లీ పోస్తే, అనుకున్నదానికి మూడు వారాలు ఆలస్యమవుతుంది.”

ఆర్డర్ పోయిందనే అనుకున్నాను.

“చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు” అన్నారు ఆవిడ. “పొయ్యండి. అప్పటిదాకా పిల్లల్ని చెక్కల మీద నడవమంటాను.”

ఆ బ్లాకుల్ని మా యార్డులోనే పరుచుకున్నాం. రెండోసారి లెక్క ప్రకారమే పోశాం. ఏడో రోజు బలం అంతంత మాత్రంగా వచ్చింది. నాకు హాయిగా ఉంది, యాదగిరికి మాత్రం ముద్ద దిగలేదు. ఇరవై ఎనిమిదో రోజు అతన్నీ లాబ్‌కు తీసుకెళ్లాను. మెషిన్ మీది ముల్లు కావలసిన అంకె దాటి ముందుకు పోతుంటే వంగి చూశాడు. బ్లాకు పగిలాక ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

“ఇరవై ఏండ్ల సంది పోస్తున్న సార్. నేను పోసింది ఎంత మోస్తదో ఇయ్యాలనే చూసిన.”

నాకు సిగ్గేసింది. లాబ్‌కు చెప్పాను, వరలక్ష్మి గారికి చెప్పాను. ఆ స్లాగ్ ఎందుకో, అది నిదానంగా ఎందుకు గట్టిపడుతుందో, దాన్ని చేత్తో కలిపే మనిషికి మాత్రం చెప్పలేదు. లెక్క రాసిన కాగితం ఇచ్చి ఊరుకున్నాను. తప్పు నాది. అప్పటి నుంచి యాదగిరి లేకుండా ఏ టెస్టుకూ వెళ్లలేదు.