పోలయ్య ఫోనుకు సిగ్నల్ తగలకూడదు

నా మూలంగా ఒక పొద్దుట విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పాతిక బోట్ల ఫోన్లు మూగబోయాయి. తుఫాను రాలేదు, టవరేదీ కూలలేదు. నేనొక్కడినే వచ్చాను. అదెలా జరిగిందో చెబుతాను గానీ ఒక షరతు. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, "నీకు ఉద్యోగం ఎవరిచ్చారయ్యా" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న అప్పట్లో మా మేనేజర్ మూర్తి గారే తనను తాను చాలాసార్లు వేసుకున్నారు.

అప్పటికి మధురవాడలో ఒక చిన్న కంపెనీలో చేరి నాకు రెండు నెలలు. ఇంకో నెల గడిస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఊళ్లోని చిన్న వ్యాపారాల కాగితాలు క్లౌడ్‌లోకి ఎక్కించడం, వాళ్లకు కావలసిన యాప్‌లు పెట్టడం, అవి మొరాయిస్తే బాగుచేయడం మా పని. నాకు అడ్మిన్ అనే హోదా ఇచ్చారు. అడ్మిన్ అంటే తాళాలగుత్తి చేతిలో ఉన్నవాడని అర్థం. ఆ గుత్తిలో ఏ చెవి ఏ తాళానిదో తెలిసి ఉండాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

నాకు అప్పగించిన మొదటి క్లయింటు పైడమ్మ గారు. హార్బర్‌లో ఆవిడకు ఆరు మరబోట్లున్నాయి. కిందటి తుఫానుకు ఆఫీసులోకి నీళ్లొచ్చి బోట్ల రిజిస్ట్రేషన్లు, వేట లైసెన్సులు, బోట్ల మీద పనిచేసే కళాసీల గుర్తింపు కార్డులు అన్నీ తడిసి మామిడి తాండ్రలా అతుక్కుపోయాయి. ఆవిడ తమ్ముడు ఎర్రయ్య వాటిని ఓపిగ్గా విడదీసి, ఎండబెట్టి, పొడైపోయేలోపు స్కాన్ చేయించాడు. కొత్త కాగితాలు వచ్చేదాకా ఆ స్కాన్లు చూపించినా చాలని అధికారులు ఒప్పుకున్నారు. వాటిని నేను క్లౌడ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆఫీసు కంప్యూటర్‌లోనూ, పైడమ్మ గారి ఫోన్‌లోనూ, బోటు డ్రైవర్ పోలయ్య ఫోన్‌లోనూ కనిపించేలా చేశాను. మిగతా డ్రైవర్లవి బొత్తాల ఫోన్లు. సముద్రంలో నెట్ ఉండదు కాబట్టి, నెట్ లేకపోయినా ఫోన్లలో కాగితాలు తెరుచుకునే ఏర్పాటు కూడా చేశాను. ఇది నేను చేసిన ఒకే ఒక తెలివైన పని, గుర్తుంచుకోండి.

"సముద్రం వచ్చి మీ ఆఫీసుని మింగేసినా కాగితాలు పోవు మేడమ్," అని ఉపన్యాసం దంచాను.

"సముద్రం సంగతి నాకు తెల్సు బాబూ. నీ సంగతే తెలీదు," అందావిడ.

అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆవిడకు దండం పెట్టాలనిపిస్తుంది.

వారం తర్వాత ఒక సాయంత్రం నా లాప్‌టాప్‌లో చోటు అయిపోయిందని ఎర్రగీత వచ్చింది. చూస్తే పైడమ్మ గారి ఫోల్డర్ నా దగ్గర కూడా దిగి కూర్చుంది. వాళ్లది క్లౌడ్‌లో భద్రంగా ఉంది కదా, నా దగ్గర ఇంకో నకలు ఎందుకని తీసేశాను. తీసేస్తుంటే తెర మీద ఒక పెట్టె వచ్చి ఇంగ్లీషులో నాలుగు వరుసలు ఏదో అడిగింది. అడ్మిన్లు అలాంటివి చదవరు. 'సరే' నొక్కాను. తర్వాత లాప్‌టాప్‌లో చెత్తబుట్ట, క్లౌడ్‌లో చెత్తబుట్ట రెండూ నిండి కనిపించాయి. మా అమ్మ మమ్మల్ని శుభ్రంగా పెంచింది. రెండూ ఖాళీ చేసి, చేతులు దులుపుకుని ఇంటికెళ్లాను.

అది నకలు కాదండీ. ఆ ఫోల్డర్ అన్నిచోట్లా ఒకటే. ఒకచోట తీసేస్తే, నెట్ తగిలిన ప్రతిచోటా మాయమైపోతుంది. ఈ ముక్క నేనే పైడమ్మ గారికి బొమ్మ గీసి మరీ వివరించాను.

మర్నాడు పొద్దున్నే గోపాలపట్నంలో నా గదిలో ఇడ్లీ పొట్లం విప్పుతుంటే ఎర్రయ్య ఫోన్ చేశాడు.

"బాబూ, కంప్యూటర్లో మన ఫోల్డరు కాళీగా అవుపడతంది. పదకొండింటికి ఫిషరీసు ఆఫీసరు వత్తన్నాడు. ఐదు బోట్లకీ ఐసు ఎక్కించీసినాం. కాయితాలు సూపిత్తే గానీ వేటకి ఒగ్గరు."

"నెట్‌వర్క్ సమస్య అయ్యుంటుంది," అన్నాను ఇడ్లీ చట్నీలో ముంచుతూ. "అమ్మ గారి ఫోన్‌లో చూడండి."

"ఇందులో ఉన్నాయి. సార్జింగ్ అయిపోతాదని అక్క నెట్టు ఆపీసి ఉంచుతాది."

బుర్రున్న మనిషైతే ఇక్కడ ఆగి, ఆ ఫోన్ ముట్టుకోవద్దని చెప్పేవాడు. నేను ధీమాగా ఇలా అన్నాను. "అందుకే కంప్యూటర్‌లోకి రావడం లేదు. నెట్ ఆన్ చేయమనండి, అన్నిచోట్లా సర్దుకుంటుంది."

ఎర్రయ్య అక్కతో నెట్ ఆన్ చేయమనడం వినిపించింది.

"బాబూ."

"వచ్చాయా?"

"ఎల్లిపోనాయి."

సర్దుకోవడం అంటే అదే మరి. ఖాళీ ఫోల్డర్‌తో అన్నీ సమానంగా సర్దుకున్నాయి. నిన్న సాయంత్రపు నాలుగు వరుసల పెట్టె అప్పుడు కళ్ల ముందు కదిలింది. ఇడ్లీ అక్కడే వదిలేసి, లాప్‌టాప్ భుజాన వేసుకుని బండెక్కాను.

హార్బర్‌కి చేరేసరికి ఐస్ నింపుకున్న ఐదు బోట్లు వరసగా కట్టి ఉన్నాయి. పైడమ్మ గారు ఆఫీసు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏటయ్యింది బాబూ?"

"చిన్న సింక్ ఇష్యూ అమ్మా."

"సిన్నదైతే నీ సొక్కా ఎందుకు తడిసిపోనాది?"

మాది విజయనగరం పక్క పల్లె. కంపెనీలో చేరాక కష్టపడి 'నేను' అనడం నేర్చుకున్నాను. ఆ క్షణంలో రెండు నెలల సాధనా గాలికి పోయింది. "నానే తుడిసీసినానమ్మా," అన్నాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. "ఆఫీసరు మళ్లా వచ్చీది వచ్చే వారమే," అంది మెల్లగా. "అందాకా యాబై మంది కళాసీలు ఇంటికాడ కూకోవాల. ఈ ఐసంతా నీల్లైపోతాది." నాకు నిజంగా సిగ్గేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఆ కాసేపు వెనక్కి తగ్గింది.

అప్పుడు తట్టింది పోలయ్య ఫోన్. ఆరో బోటు వేటకెళ్లి ఆరు రోజులైంది. అతని ఫోన్‌కి ఆరు రోజులుగా నెట్ లేదు. అంటే అందులో కాగితాలు ఇంకా బతికే ఉన్నాయి. సిగ్నల్ తగిలిన మరుక్షణం అవీ పోతాయి.

"పోలయ్య ఎప్పుడొస్తాడు?" అని అడిగాను.

"ఇయ్యాలే," అన్నాడు ఎర్రయ్య. "యారాడ కొండ దగ్గిరికి రాగానే సిగ్నలు వత్తాది. అక్కడికొచ్చేక ఒక్కడూ ఆగడు. ఇంటికి ఫోన్లు, చేపలు కొనీవోల్లకి ఫోన్లు."

"కొండ దగ్గరికి ఎప్పుడొస్తాడు?"

"ఈపాటికి కొండ అవుపడతానే ఉంటాది."

ఇద్దరం ఆఫీసులో ఉన్న వైర్‌లెస్ సెట్ మీద పడ్డాం. ఎర్రయ్య పిలిచాడు.

"పోలయ్యా, ఫోను ఆపీ."

"నానింకా తెరవనేదు. తెరవనిదాన్ని ఏటి ఆపాల?"

నేను మైకు లాక్కున్నాను. "పోలయ్య గారూ, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి."

కాసేపు గరగర వినిపించింది. "నాను బోటు మీదున్నాను బాబూ."

"అయితే స్విచాఫ్ చేయండి. సిగ్నల్ తగిలిందంటే అన్నీ పోతాయి. మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి."

నాకు తెలియని సంగతి ఒకటుంది. వైర్‌లెస్ అంటే ఫోన్ కాదు. ఒకరితో మాట్లాడితే ఆ ఛానెల్లో ఉన్న బోట్లన్నీ వింటాయి. నేనేమో ఏవి పోతాయో చెప్పనే లేదు.

"ఎవుడది? సిగ్నలు తగిల్తే ఏటి పోతాది?" అని ఇంకేదో బోటు నుంచి ఒక గొంతు.

"అన్నీ పోతాయంట," అని మరో బోటు.

"మా పాప ఫోటోలు గూడానా?"

"అన్నీ అంటన్నాడు గదా. ఆపీ."

"మీకు కాదండీ, పోలయ్య ఒక్కడికే," అని గొంతు చించుకున్నాను. మైకు మీద ఉండే బొత్తాం నొక్కి మాట్లాడాలట, ఇందాక ఎర్రయ్య వేలు దాని మీదే ఉందట. ఆ సంగతి ఎర్రయ్య చెప్పేసరికి సముద్రంలో ఒక్కో ఫోనూ ఆరిపోయింది, ఆ తర్వాత ఎంత చెప్పినా ఎవరూ తిరిగి ఆన్ చేయలేదు.

హార్బర్‌లో పొద్దున్నే ఏం జరుగుతుందో తెలుసుగా. ఏ బోటు ఏ చేపతో వస్తోందో ఫోన్లో తెలిశాకే వేలంపాట దగ్గర జనం సర్దుకుంటారు. ఆ పొద్దుట ఒక్క ఫోనూ మోగలేదు. కొనేవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బుట్టలతో వచ్చిన ఆడవాళ్లు గాభరాపడ్డారు. వైర్‌లెస్ ఉందని అరగంటలో అందరూ పైడమ్మ గారి ఆఫీసు ముందుకు చేరారు.

"కొండ కాడికొచ్చి ఫోను సెయ్యకుండా మా ఆయన ఏనాడూ రాలేదు. ఏటైపోనారు?" అని ఒకావిడ ఎర్రయ్యను నిలదీసింది.

ఎర్రయ్య ఉత్తముడు. అబద్ధం ఆడడు. "ఏటీ అవనేదు. ఈ బాబే ఆపించినాడు," అని నన్ను చూపించాడు.

"ఎందుకు?"

"మా కాగితాలు పోయాయండీ," అన్నాను.

"మీ కాయితాలు పోతే మా ఆయన ఫోను ఎందుకు ఆపాల?"

పోలయ్య బోటు వస్తోందేమో చూస్తానని నేను ఒడ్డుకి జారుకున్నాను.

పదింటికి పోలయ్య బోటు ఒడ్డుకొచ్చింది. అతను స్టీలు క్యారియర్ రెండు చేతులా పట్టుకుని దిగాడు. మూత తీస్తే ఐసు, ఐసు తీస్తే ప్లాస్టిక్ సంచి, సంచి విప్పితే ఇంకో సంచి, అందులో ఫోన్.

"ఆపినా గానీ నమ్మకం సాల్నేదు," అన్నాడు. "సిగ్నలు దూరకుండా ఐసులో కప్పెట్టినాను."

ఫోన్ ఆన్ చేస్తే ఒడ్డున సిగ్నల్ తగులుతుంది. అందుకని ముందు సిమ్ము తీయాలి. ఇందాక నన్ను నిలదీసిన ఆవిడే గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. సిమ్ము తీశాను, ఆఫీసు వైఫై ఆపించాను, తడి తుడిచి ఫోన్ ఆన్ చేశాను. జనమంతా నా భుజాల మీంచి తొంగి చూస్తున్నారు. ఫోల్డర్ తెరిచాను. ఆరు బోట్ల రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు, కళాసీల కార్డులు, ఒక్కటి కూడా పోలేదు. వైరు పెట్టి లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. పదకొండింటికి ఆఫీసరు వచ్చి, అన్నీ చూసి, వెళ్లొచ్చని తలూపాడు.

ఆ తర్వాత పావుగంట నా జీవితంలో బంగారం. "సదువుకున్నోడు సదువుకున్నోడే," అన్నారెవరో. పోలయ్య మూరెడు పొడవున్న ఖరీదైన వంజరం చేప తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఫోను ఆపించినందుకు తిట్టినవాళ్లే నా వీపు తట్టారు. నాకూ ఛాతీ కొంచెం పొంగింది. అక్కడితో ఆగి ఇంటికెళితే ఈ కథ వేరుగా ఉండేది. కానీ మూర్తి గారికి నా ఘనత వెంటనే చెప్పాలనిపించింది. ఒక చేతిలో వంజరం ఉందిగా, ఫోన్ బల్లమీద పెట్టి స్పీకర్ నొక్కాను.

"సార్, పెద్ద ప్రమాదం తప్పించాను," అని మొత్తం కథ చెప్పాను, ఐసుతో సహా.

ఆయన ఓపిగ్గా విన్నారు. "అంటే క్లౌడ్‌లో చెత్తబుట్ట ఖాళీ చేశావు. అంతేనా?"

"అంతే సార్."

"అడ్మిన్ పేజీలో రిస్టోర్ అని ఒక బటన్ ఉంటుందయ్యా. బుట్ట ఖాళీ చేశాక కూడా కొన్నాళ్లు దాచి ఉంచుతుంది. నొక్కితే అన్నీ తిరిగొస్తాయి. నీకు చేరిన రోజే చూపించాను కదా."

స్పీకర్ బాగా పనిచేసింది. జనంలో చివర నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది.

పైడమ్మ గారు కుర్చీలోంచి లేచింది. "అంటే ఆ బొత్తాం పొద్దుట్నించీ నీ కాడే ఉందా బాబూ?"

"ఉందమ్మా."

"నొక్కు."

నొక్కాను. కాసేపటికి ఆఫీసు కంప్యూటర్‌లో, ఆవిడ ఫోన్‌లో కాగితాలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. పైడమ్మ గారు నా చేతిలోంచి వంజరం తీసుకుని పోలయ్యకు తిరిగి ఇచ్చేసింది. నా మొహం చూసి జాలేసిందో ఏమో, పక్కనున్న బుట్టలోంచి రెండు గుప్పెళ్ల చిన్న చేపలు, చవకరకం కవళ్లు, తీసి పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. "ఇవి పట్టుకెల్లు. నీకివే ఎక్కువ," అంది.

నెల తిరిగాక నా ఉద్యోగం ఖాయమైంది. నా ప్రతిభ చూసి కాదు. ఈ కుర్రాణ్ణి మార్చి వేరేవాణ్ణి పంపిస్తామని మూర్తి గారు అంటే పైడమ్మ గారు ఒప్పుకోలేదట. "కొత్తోడొత్తే ఆడు ఎప్పుడు తుడిసీత్తాడో అని మళ్లా బయ్యం. ఈడు తుడిసీసినాడు గదా, ఈడ్నే ఉంచండి," అందట.

అందుచేత పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో వైర్‌లెస్ మైకు ముట్టుకోను. ముట్టుకోక తప్పకపోతే ఎవరితో చెబుతున్నానో, ఏం పోతుందో పేరు పెట్టి చెబుతాను. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు, చేతిలో ఎంత మంచి చేప ఉన్నా సరే, దాన్ని కింద పెట్టి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంటాను.