పన్నెండో వరుస దగ్గర

నార్‌షోపింగ్ ఊరి బయటి గిడ్డంగిలో గున్నెల్ ఎక్వాల్‌తో ఎవరో ఒకరు గొడవపడని రోజు తక్కువ. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆమె అక్కడ అరల్లోంచి సరుకు ఏరి తోపుడుబండిలో వేస్తోంది. తొమ్మిదేళ్లుగా భద్రతా ప్రతినిధి కూడా. కార్మికులే ఎన్నుకున్నారు, ఇంకెవరూ పోటీకి నిలబడలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎడమ మోకాలు సరిగా వంగదు. నవ్వడం అరుదు.

మే నెలాఖరున ఏటా జరిగే ప్రమాదాల అంచనాకు మేనేజర్ టోర్కెల్‌తో కలిసి గిడ్డంగి అంతా తిరిగింది. ప్రమాదం జరిగే అవకాశానికి ఐదులో ఒక అంకె, జరిగితే తగిలే దెబ్బకు ఐదులో ఒక అంకె వేసి, రెంటినీ హెచ్చించాలి. పది లోపు వస్తే పచ్చ గడి. దాటితే ఎరుపు, ఆ చోటు మూసెయ్యాలి. ఫారం కింద ఇద్దరూ సంతకం పెట్టాలి.

పన్నెండో వరుస చివర ఆగారు. నడిచేవాళ్లూ, బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండ్లూ ఒకరికొకరు అడ్డంగా దాటే చోటది. చలికాలంలో కొత్త అర బిగించాక మలుపు అవతలి బండ్లను చూపే అద్దం ఎవరికీ కనిపించడం లేదు.

"దెబ్బకు నాలుగు," అన్నాడు టోర్కెల్. "అవకాశానికి ఒకటి. పచ్చ. పద."

"ఒకటా? ఎలా?"

"ఏడాదిలో ఒక్క చీటీ రాలేదు. చీటీ లేకపోతే ఒకటి, ఉంటే నాలుగు. ఫారం వెనక రాసుంది, చదువుకో."

చీటీ అంటే, తృటిలో తప్పిన ప్రమాదం గురించి రాసి గోడపెట్టెలో వెయ్యాల్సిన పసుపు కాగితం. నిరుడు టోర్కెల్ ఒక బహుమతి ప్రకటించాడు. ఏడాది పొడుగునా ఒక్క చీటీ కూడా పడకపోతే, జూన్‌లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగ ముందు గురువారం అందరికీ జీతంతో సెలవు. అప్పటి నుంచి పెట్టె ఖాళీ. ప్రమాదాలు మాత్రం ఎప్పటిలాగే తృటిలో తప్పుతున్నాయి.

"చీటీలు ఎందుకు రావట్లేదో నీకు తెలుసు," అంది గున్నెల్.

"జాగ్రత్తగా ఉంటున్నారు కాబట్టి. సోమవారం సంతకం పెట్టు. లేదా ఒక చీటీ చూపించు."

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో ముప్పై మంది బఠాణీ సూప్ తాగుతున్నారు. గున్నెల్ నిలబడే అడిగింది.

"పన్నెండో వరుస దగ్గర బండి తగలబోయినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి."

"తగిలినవాడికి రాయడానికి చెయ్యి మిగలదులే," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ఇర్మెలి నవ్వలేదు. ఆమె కూడా సరుకు ఏరే మనిషే. "ఆ గురువారం పొద్దున్నే ఫిన్లాండ్ పడవకి టికెట్లు తీసుకున్నాను, మహాతల్లీ. మా అమ్మకు చెప్పేశాను. నీ పసుపు కాగితాలతో మా నోట్లో మట్టి కొట్టకు."

"రేపెవరైనా బండి కింద పడితే?"

"పడితే చూద్దాం. ఆ దారి మూస్తే ప్రతి పెట్టెకీ చుట్టూ తిరిగి రావాలి. ఒక్కొక్కరి వేగం లెక్కపెట్టే ఆ స్క్రీన్ మీద మన అంకె పడిపోతుంది. నీకు సరదాగా ఉంటే నీ కుంటికాలితో నువ్వు తిరుగు."

ఎదురు బల్ల దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ నడిపే యెర్కర్ తలెత్తకుండా సూప్ తాగుతున్నాడు. అతనిదీ గున్నెల్‌దీ ఒకే ఊరు, ఫిన్స్‌పోంగ్. పద్నాలుగేళ్లుగా ఆమె అతని కారులోనే వచ్చిపోతోంది. ఫిబ్రవరిలో ఆ మలుపు దగ్గరే అతని ఫోర్కులు ఆమె నడుముకు జానెడు దూరంలో ఆగాయి. కిందికి దిగి, "రాయకు, గున్నెల్. నాకు ఇప్పటికే ఒక హెచ్చరిక ఉంది," అన్నాడు. ఆమె రాయలేదు.

సాయంత్రం కారులో చెప్పింది. "ఫిబ్రవరిది రాస్తాను."

యెర్కర్ కారు వేగం తగ్గించాడు. "మూడు నెలలు నోరు మూసుకుని ఇప్పుడా?"

"అప్పుడే రాయాల్సింది. దాచానని కూడా రాస్తాను."

"నా పేరు?"

"బండి నంబరు అడుగుతారు."

"అంటే నా పేరే." బస్సు స్టాపు దగ్గర కారు ఆపాడు. "దిగు."

"యెర్కర్."

"దిగమన్నాను."

ఆమె దిగింది. తర్వాతి బస్సుకు నలభై నిమిషాలుంది.

సోమవారం టోర్కెల్ చీటీ రెండుసార్లు చదివాడు. ఫారంలో ఒకటి కొట్టేసి నాలుగు వేశాడు. నాలుగు నాలుగులు పదహారు, ఎరుపు. ఇద్దరూ సంతకం పెట్టారు.

"సెలవు ఎవరివల్ల పోయిందో అందరికీ నేనే చెప్తాను," అన్నాడు. చెప్పాడు. రెండో హెచ్చరిక కింద యెర్కర్‌ను నెల రోజులు ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తప్పించి, సరుకు ఏరే పనిలో వేశాడు. మధ్యాహ్నానికి ఆ మలుపులో నడిచేవాళ్ల దారికి రెండు వైపులా గొలుసు కట్టారు. సాయంత్రం గున్నెల్ కోటు బట్టలగదిలో నేలమీద, బూటు మరకలతో దొరికింది.

మంగళవారం పొద్దున గొలుసు కింద పడి ఉంది. గున్నెల్ తగిలించింది. తొమ్మిదింటికి మళ్లీ కింద పడి ఉంది. రెండోసారి తగిలించి, తన తోపుడుబండి గోడవారన పెట్టి అక్కడే నిలబడింది.

ముందు ఇర్మెలి వచ్చింది. "అక్టోబరులో ఓటేసి దింపుతాం నిన్ను. చూస్తూ ఉండు."

"దింపండి. ఇప్పుడు చుట్టూ వెళ్లు."

టోర్కెల్ వచ్చాడు. "నీ స్క్రీన్ మీద గంట నుంచి సున్నా."

"రాసుకో."

తర్వాత యెర్కర్. నడక అలవాటు లేక చెమటలు కక్కుతున్నాడు. తోపుడుబండి నిండా డబ్బాలు. గొలుసు కొక్కెం మీద చెయ్యి వేశాడు.

"నన్ను నడిపించింది చాల్లేదా?"

"చుట్టూ వెళ్లు, యెర్కర్."

"జరుగు."

ఆమె జరగలేదు. కొత్త అర వెనక నుంచి చప్పుడు లేకుండా ఒక ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి, గొలుసు అవతల నుంచి దూసుకుపోయింది. నడిపేవాడు ఇటు చూడలేదు. యెర్కర్ అటు చూశాడు, మలుపు చూశాడు. కొక్కెం మీది నుంచి చెయ్యి తీశాడు.

"రేపటి నుంచి కూడా బస్సే చూసుకో," అని బండి వెనక్కి తిప్పాడు.

అతని వెనకాలే ఇంకొకడు వచ్చాడు. "చుట్టూ వెళ్లు," అంది గున్నెల్.