దేనితో పోలిస్తే?

వెండెల్ ఓస్ట్రాండర్‌కు ఒక్కటే జబ్బు. మీరు ఏ మాటన్నా "దేనితో పోలిస్తే?" అని అడుగుతాడు. "ఇవాళ చలి ఎక్కువగా ఉంది" అనండి, అడుగుతాడు. "మా అబ్బాయి తెలివైనవాడు" అనండి, అడుగుతాడు. ఆ తర్వాత మీకూ అతనికీ మాటలుండవు. పళ్ళ డాక్టరు నోట్లో చెయ్యి పెట్టి "నొప్పి ఎక్కువగా ఉందా?" అంటే, ఆ చెయ్యి తియ్యకముందే ఇదే ప్రశ్న వేశాడట. డాక్టరు ఇంకో పన్ను కూడా పీకేశాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. నేను నమ్ముతాను.

వాషింగ్టన్‌లో పంతొమ్మిదేళ్ళు అతని ఎదుటి బల్ల నాది. అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ముందుకొచ్చే బిల్లు చట్టమైతే పదేళ్ళలో ఖజానాకు ఎంత ఖర్చో లెక్క కట్టడం మా ఉద్యోగం. బిల్లు మంచిదా చెడ్డదా అన్నది మాకు అనవసరం. దేశభక్తి ఉపన్యాసాలు పక్క భవనంలో ఉచితంగా దొరుకుతాయి. మా పనిలో కిటుకల్లా ఒక్కటే: చట్టం వస్తే అయ్యే ఖర్చులోంచి, రాకపోయినా ఎలాగూ అయ్యే ఖర్చును తీసెయ్యాలి. ఈ సూత్రాన్ని మేమంతా సాయంత్రం సొరుగులో పెట్టి తాళం వేసి వెళ్ళేవాళ్ళం. వెండెల్ ఇంటికి పట్టుకెళ్ళేవాడు.

పెళ్ళిరోజున భార్య బెట్టీనా కొత్త గౌను వేసుకుని, "బాగున్నానా?" అందట.

"దేనితో పోలిస్తే?"

"నన్ను చేసుకోకపోయుంటే ఇవాళ ఒక్కడివే కూర్చుని డబ్బాలో బీన్స్ తింటుండేవాడివి చూడు, దానితో."

"అబ్బో! అద్భుతంగా ఉన్నావు!"

ఆవిడకు లెక్కలొచ్చు కాబట్టే ఆ కాపురం నిలిచింది.

ఒక సోమవారం టామ్సిన్ రూర్క్ మా గదిలోకి దూసుకొచ్చింది. మోంటానా పిల్ల, కాంగ్రెస్ కమిటీలో ఉద్యోగం. అడవి మంటలు ఆర్పే దళాలకు వంటచేసి, ఆ పొగకు ఊపిరితిత్తులు పాడైనవాళ్ళ కోసం ఒక చిన్న బిల్లు రాయించింది. ఏ మంట పొగ వల్ల జబ్బు చేసిందో రుజువు చెయ్యనక్కర్లేకుండా వాళ్ళకు పరిహారం ఇవ్వాలని బిల్లు. దేశం మొత్తం మీద మూడువందల మంది. పదేళ్ళకు తొంభై లక్షల డాలర్లని మా ఆఫీసు తేల్చింది. ఖర్చున్న బిల్లు అయితే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చూపించాలి. అది నియమం.

"ఎక్కణ్ణుంచి తేను సార్? గురువారమే ఓటింగు. బిల్లు పోయినట్టే!"

"తొంభై లక్షలా? దేనితో పోలిస్తే?" అన్నాడు వెండెల్.

"దండం పెడతాను సార్, ఇప్పుడు మొదలెట్టకండి. దేనితో ఏంటి? వాళ్ళకి ఏమీ ఇవ్వకపోవడంతో!"

"ఇప్పుడు ఏమీ ఇవ్వట్లేదని ఎవరన్నారు?"

నేను గొంతు సవరించుకున్నాను. అన్నది నేనే. లెక్క నాది.

వెండెల్ ఫోను అందుకున్నాడు. రెండు రోజులు కింద పెట్టలేదు. పరిహారం ఆఫీసులకు చేశాడు, క్లినిక్కులకు చేశాడు, చివరికి వంటవాళ్ళకే చేశాడు. ఆర్డెల్లా క్విస్ట్ అనే ఆవిడ గొంతు ఫోను దాటి నా బల్ల దాకా వినిపించింది.

"మీ అర్జీ ఏమైందమ్మా?"

"తోసేశారు. మళ్ళీ పెట్టా, మళ్ళీ తోసేశారు. ఏ మంట పొగో తేల్చమన్నారు. ముప్పై మంటల పక్కన పాన్‌కేకులు పోశాను నాయనా, ఏ పొగ ఏ మంటదో దాన్నాపి పేరడిగానా?"

"తర్వాత?"

"మూడో ఏడు గెలిచా. పాత బాకీతో సహా ఇచ్చి చచ్చారు."

"ఇప్పుడు ఒంట్లో నయంగా ఉందా?"

"దేనితో పోలిస్తే?" అంది ఆర్డెల్లా.

వెండెల్ ఫోను వంక చూసిన చూపు బెట్టీనా చూసుంటే ఊరుకునేది కాదు.

తేలిందేమిటంటే, అర్జీ పెట్టినవాళ్ళలో పదికి తొమ్మిదిమంది ఆర్డెల్లాలాగే చివరికి గెలుస్తున్నారు. ప్రభుత్వం మూడేళ్ళు గుమాస్తాలకూ డాక్టర్లకూ జీతాలిచ్చి మరీ పోట్లాడి, ఆపైన మొత్తం చెల్లిస్తోంది. బిల్లు వస్తే మొదటి ఏడే చెల్లిస్తుంది. తేడా పదేళ్ళకు కలిపి ఐదు లక్షల డాలర్ల లోపు. అంత చిన్న ఖర్చుకు మా పట్టికలో అంకె వెయ్యం, నక్షత్రం గుర్తు పెడతాం. నక్షత్రం పడితే డబ్బు చూపించే బెడద ఉండదు.

జాలిపడి తగ్గించాడనుకునేరు! జాలికి మా ఆఫీసులో కుర్చీ లేదు. అసూయతో నేనే రెండుసార్లు సరిచూశాను. సెంటు తప్పు దొరకలేదు. నేను ఆ వంటవాళ్ళ మీద జాలిపడి, నిట్టూర్చి, తప్పుడు లెక్క మీద సంతకం పెట్టాను. వెండెల్ నిట్టూర్చలేదు, వాళ్ళ రోజులు ఎలా గడుస్తున్నాయో అడిగాడు.

గురువారం బిల్లు కమిటీలో గట్టెక్కింది. ఎండాకాలానికి చట్టమైంది. ఆర్డెల్లా హకిల్‌బెర్రీ పళ్ళ జామ్ సీసా ఒకటి పంపింది. కానుకలొస్తే విలువ రాసి ఫారం నింపాలి. వెండెల్ ఆ గడిలో నక్షత్రం పెట్టాడు.

అతను రొట్టెకు జామ్ రాస్తుంటే నాకు మాట ఆగలేదు. "నువ్వు చాలా మంచివాడివోయ్."

"దేనితో పోలిస్తే?"

ఈసారి నా దగ్గర జవాబుంది. "నాతో."

వెండెల్ కత్తి ఆపి, నిజంగానే లెక్క కట్టాడు.

"పోలికకి అంత కింద గీత గీస్తే ఎవరైనా మంచివాళ్ళేనోయ్!" అని సగం రొట్టె నా బల్ల మీదికి తోశాడు.