కక్కు సుత్తి

ఈ ఉదయం పాత ఇనుము కొనే కొట్టులో ఒక చిన్న సుత్తిని చేతిలోకి తీసుకున్నాను. రెండు కొసలా ఉలిలాంటి అంచు, నడుమ చెమటకు నల్లబడిన చెక్క పిడి. పిడి సందులో మిగిలిన రాతిపొడి వాసన ముక్కుకు తగలగానే అది ఏ పనిముట్టో తెలిసిపోయింది. కొట్టతను మాత్రం, "గనిలో బంగారు రాయి పగలగొట్టిండేది సార్," అన్నాడు గర్వంగా. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో తుప్పుపట్టిన ప్రతి ఇనుప ముక్కకూ గని వంశాన్నే అంటగడతారు. ఈ ఊళ్ళో మిగతా జనం అన్నం తినకుండానే బతికారా? ఇంటికి రాగానే నా పుస్తకంలో సరిగా రాసిపెట్టాను: పిండిమర రాళ్ళకు కక్కు కొట్టే సుత్తి. అరిగి నున్నబడిన రాతి మీద మళ్ళీ గంట్లు చెక్కడమే కక్కు కొట్టడం.

గనులు ప్రభుత్వపరమైన తరువాతి కాలంలో ఆండర్సన్‌పేటలో రత్నమ్మక్క రాగులు ఆడే పిండిమర నడిపేది. నేను ఆమె దగ్గర తూకం చూసేవాణ్ణి. పై రాయిని తిరగేయించి, కొంగు ముక్కుకు చుట్టుకుని, గోరింటాకు పెడుతున్నంత తీరికగా ఆమె గంట్లు కొట్టేది. "ఇంత మెల్లగానా అక్కా?" అంటే, "రాయికి వినపడితే చాల్లేప్పా, వీధికెందుకు," అనేది. కొత్తగా కక్కు కొట్టిన రాళ్ళు మొదట ఇసుక రాలుస్తాయి. అందుకే ముందుగా నూకలు ఆడించి, ఆ పిండిని పారబోసేది.

ఒకనాడు సరిగ్గా ఆ పని ముగిసిన వేళకు క్యాసంబళ్ళి అనే పల్లె నుంచి పెద్ద రైతు రెడ్డప్ప రాగుల మూటలతో దిగాడు. కొత్త బావిలో నీళ్ళు పడ్డాయని ఆ సాయంత్రం తన ఊరందరికీ రాగిముద్ద పెడుతున్నాడు. ఆయన ఏ మరకు వెళ్తే ఆ ఊరంతా ఆ మరకే వెళ్ళేది. ఎదురుగా కొత్త మర తెరిచి ఎన్నాళ్ళో కాలేదు.

రత్నమ్మక్క నూకల పిండిని చిటికెడు పంటికింద వేసుకుంది. "ఇంగా కరకరమంటా ఉండాది. ఇంగోసారి నూకలు పొయ్యాల."

"పొద్దు పోతా ఉంటే నూకలతో ఆటలేందమ్మా? ఎదురు మరకి పోతా."

నాకు ఒళ్ళు మండింది. "పొండి, ఎవరొద్దన్నారు," అన్నాను. ఆమె నా మాటకు అడ్డం వచ్చింది.

"నువ్వు ఊరుకోప్పా. రెడ్డప్పా, నువ్వు పో, తప్పులేదు. రాళ్ళకి ఎప్పుడు కక్కు కొట్టినారో ఒక్క మాట అడుగు. కొట్టి శానా దినాలైంటే పిండి ఉడుకెక్కి ముద్ద జిగురు పోతాది. ఇప్పుడే కొట్టింటే ఇసక. రెండూ కాకుంటే అక్కడే ఆడించుకో."

రెడ్డప్ప మూటల్లో ఒకటి భుజానికెత్తుకుని వీధి దాటాడు. క్యాసంబళ్ళి మొత్తం ఆ మూటతోపాటే పోతున్నట్టు నాకు తోచింది. ఆమె మాత్రం రెండోసారి నూకలు పోసి మర తిప్పించింది.

కాసేపటికి మూట అదే భుజం మీద తిరిగి వచ్చింది.

"ఏమన్నాడప్పా?"

"కక్కంటే ఏందని నన్నే అడిగినాడు."

నేను నవ్వబోయాను. ఆమె కంటితోనే వారించి, బల్ల మీద పిండి దులిపి ఆయనను కూర్చోమంది. రాగులు ఆడాక మొదటి చిటికెడు ఆయన నోటికే అందించింది. ఆయన చాలాసేపు నమిలి, "బాగుండాది," అని మూటలు కట్టుకున్నాడు. క్యాసంబళ్ళి జనం ఆమె ఉన్నన్నాళ్ళూ మా మరకే వచ్చారు.

కోపం నాకు ఈ వయసులోనూ తగ్గలేదు. తగ్గాలని కోరుకోనూ లేదు. కాని ఎవరితోనైనా వాదానికి దిగేముందు వాళ్ళ చేతికి ఒక ప్రశ్న ఇచ్చి పంపుతాను. వీధి దాటి తిరిగి వచ్చేంత వ్యవధి ఇస్తాను. వచ్చినవారికి కూర్చోవడానికి చోటు చూపిస్తాను.